ఇంట్లోనే చేసుకునే అద్దాల పెట్టె: సంతకాల బంతులు, పాత టికెట్లు, పతకాల కోసం

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
నా దగ్గర పదకొండు తోలు బంతులు ఉన్నాయి, వాటిలో నాలుగింటి మీద సంతకాలు ఉన్నాయి. వీటితోపాటు సుమారు అరవై క్రికెట్ కార్డులు, 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల నాటి బ్యాడ్జీలు, మా నాన్నగారు కబడ్డీలో గెలుచుకున్న మూడు ఇత్తడి పతకాలు, ఉప్పల్ స్టేడియంలో 2009 నవంబర్ 5న చూసిన మ్యాచ్ టికెట్టు కూడా ఉన్నాయి. రెండేళ్ల క్రితం వీటన్నిటినీ ఒక రెడీమేడ్ షోకేసులో పెట్టాను. గత వారం దులపడానికి తీసి చూస్తే, బాల్‌పెన్నుతో చేసిన ఒక సంతకం సగానికి సగం వెలిసిపోయి ఉంది, పతకాల మీద ఆకుపచ్చ చిలుము మొదలైంది.

ఆ షోకేసును పక్కన పడేసి, నేనే ఒకటి చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు, ఆరు అంగుళాల లోతు అనుకుంటున్నాను. 12 ఎంఎం ప్లైవుడ్డు, ముందు అక్రిలిక్ షీటు, లోపల ఎల్‌ఈడీ పట్టీ, హాల్లో పడమటి కిటికీకి ఎదురు గోడ మీద బిగింపు. వడ్రంగం నాకు కొద్దిగా వచ్చు, రంపం, బరమా, చిత్రిక ఇంట్లోనే ఉన్నాయి. అద్దమా అక్రిలిక్కా, బంతులు దొర్లకుండా ఎలా నిలబెట్టాలి, నా లెక్కలో ఎక్కడ పొరపాటు ఉందో కోయకముందే చెప్పగలరు.

మూడో_అంపైర్
పొరపాటు కొలతల్లో లేదు, "పడమటి కిటికీకి ఎదురు గోడ" అన్న మాటలో ఉంది. ఆ గోడ మీద ఎంత గొప్ప పెట్టె కట్టినా మిగిలిన మూడు సంతకాలు కూడా మొదటిదాని దారే పడతాయి.

గరుకుకాగితం_120
కొలతల సంగతి నేను చెబుతాను. క్రికెట్ బంతి చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు ఉంటుంది కనుక వ్యాసం సుమారు 72 ఎంఎం అవుతుంది. మీ ఆరు అంగుళాల లోతులో వెనుక పలకకు, ముందు తలుపు గాడులకు పోగా 120 ఎంఎం మిగిలినా ఒక వరుస బంతులకు హాయిగా సరిపోతుంది. నాలుగు అడుగుల్లో రెండు పక్క పలకలు, ఒక నిలువు అడ్డుపలక తీసేస్తే బంతికి 107 ఎంఎం వస్తుంది, అంటే పదకొండూ ఒకే అరలో కూర్చుంటాయి. ఆ అడ్డుపలక మాత్రం మానవద్దు, ఎందుకంటే నాలుగు అడుగుల పొడవున్న 12 ఎంఎం అర ఆధారం లేకుండా ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ నడుము వంగుతుంది. సరిగ్గా మధ్యలోనే ఉండాలన్న నియమమేమీ లేదు, ఆరు బంతులు ఒకవైపు, ఐదు మరోవైపు వచ్చేలా కొంచెం పక్కకు జరిపినా బలం తగ్గదు.

గచ్చిబౌలి_గుగ్లీ
ఆరుగురు బ్యాట్స్‌మెన్, ఐదుగురు బౌలర్లు. జట్టు ఎంపిక వడ్రంగే చేసేశారు.

మూడో_అంపైర్
నేను క్లుప్తంగా చెప్పి వదిలేసిన మాటను వివరించాలి. వెలుతురు వల్ల సిరాకు జరిగే నష్టం పోగుపడుతూ పోతుందే తప్ప చీకట్లో పెడితే వెనక్కి రాదు. అందుకే మ్యూజియంలలో కాగితం, సిరా వంటి వస్తువుల మీద పడే వెలుతురును (దాని కొలత లక్స్) 50 లక్స్‌కు అటూ ఇటూ ఉంచుతారు. మామూలు కిటికీ అద్దం అతినీల లోహిత (యూవీ) కిరణాల్లో ఒక భాగాన్ని మాత్రమే ఆపుతుంది, వాటిలో యూవీ-ఏ అనే రకం దాదాపుగా దాటి వచ్చేస్తుంది. యూవీని ఆపే ఫిల్ము అతికించినా కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును తినేస్తుంది కాబట్టి, ఫిల్ము వల్ల వేగం తగ్గుతుంది గానీ నష్టం ఆగదు. ఎండ ఎప్పుడూ పడని గోడను ముందు వెతుక్కోండి. మా ఇంట్లో అలాంటి గోడ ఒక్కటే దొరికింది, అది పడకగదికి వెళ్లే నడవాలో ఉంది. చుట్టాలకు చూపించాలంటే అక్కడికి తీసుకుపోవాల్సి వస్తుంది, అది వేరే సంగతి.

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
మీ మాట చదివాక ఫోనులో లక్స్ కొలిచే యాప్ వేసి సాయంత్రం నాలుగింటికి ఆ గోడ దగ్గర పెట్టాను. అంకె రెండు వేలు దాటింది. ఫోను లెక్క కచ్చితమైనది కాకపోయినా 50కీ దానికీ ఉన్న దూరం అర్థమైంది. గోడ మారుస్తాను, మాకూ ఒక నడవా ఉంది. మరి ఎల్‌ఈడీ కూడా మానేయాలా?

కోఠి_కరెంటు
మానేయనక్కర్లేదు. పాత ట్యూబ్‌లైటుతో పోలిస్తే ఎల్‌ఈడీ నుంచి యూవీ చాలా తక్కువ వస్తుంది, కానీ వెలుతురు వెలుతురే కనుక మనుషులు ఎదురుగా ఉన్నప్పుడే వెలిగేలా విడిగా స్విచ్చు పెట్టండి. 12 వోల్టుల పట్టీని అల్యూమినియం ఛానల్లో కూర్చి, పైన పాల రంగు మూత వేస్తే చుక్కలు చుక్కలుగా కనిపించదు, వేడి కూడా ఆ లోహం లాగేస్తుంది. అడాప్టరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టె లోపల పెట్టకూడదు. అది మూసిన పెట్టెలో పగలంతా వెచ్చబడి రాత్రి చల్లబడుతుంటే లోపలి గాలి రోజూ వ్యాకోచించి, సంకోచించి, బయటి దుమ్మునూ తేమనూ సందుల్లోంచి పీల్చుకుంటుంది. ఈ సామాను అంతా మా గుజరాతీ గల్లీలో ఒకే వరుసలో దొరుకుతుంది.

అద్దాలమేస్త్రి
అద్దమా అక్రిలిక్కా అన్నది అసలు ప్రశ్న, దాన్ని అందరూ దాటేశారు. ముప్పై ఏళ్లుగా అద్దాలు కోస్తున్నవాడిగా నా మాట అద్దమే. అక్రిలిక్‌ను పొడి గుడ్డతో తుడిచిన ప్రతిసారీ గీతలు పడతాయి, పైగా ఆ రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు దుమ్మును పిలిచి మరీ కూర్చోబెట్టుకుంటుంది. 3 ఎంఎం షీటు నాలుగు అడుగుల వెడల్పులో నిటారుగా నిలవదు, ఎండాకాలం వచ్చేసరికి కడుపు ఉబ్బినట్టు ముందుకు వస్తుంది. 4 ఎంఎం అద్దాన్ని రెండు పలకలుగా కోయించి, అంచులు పాలిష్ పట్టించి, జరిపే తలుపులుగా వేయండి. టఫెన్డ్ అద్దం, అంటే కాల్చి గట్టిపరిచింది, కావాలంటే కొలతలు, రంధ్రాలు అన్నీ ముందే తేల్చుకుని చెప్పాలి, ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయబోతే గుప్పెడు చక్కెర పలుకుల్లా రాలిపోతుంది.

విశాఖ_అలలు
మేస్త్రి గారి అనుభవాన్ని కాదనను గానీ ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నవాళ్లకు అద్దం అంత సులువైన మాట కాదు. మా వాడు హాల్లో కొట్టిన ఆన్‌డ్రైవ్ నేరుగా షోకేసులోకి వెళ్లింది. ఆ రోజు నుంచి మా పెట్టెకు ముందు అక్రిలిక్కే.

అద్దాలమేస్త్రి
అందుకే కదమ్మా టఫెన్డ్ ఉన్నది. అది పగిలినా మొద్దు ముక్కలు అవుతుంది, కత్తుల్లాంటి పెంకులు లేవవు.

గరుకుకాగితం_120
బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక చదరపు మీటరు అద్దం, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. ఈయన పెట్టెకు 4 ఎంఎం అద్దం పదకొండు కిలోల దాకా వస్తుంది, 3 ఎంఎం అక్రిలిక్ అయితే నాలుగు కిలోలే. పదకొండు బంతులూ కలిపి రెండు కిలోలు కూడా లేవు, అంటే మనం గోడకు వేలాడదీస్తున్నది బంతులను కాదు, అద్దాన్ని. కనుక వెనుక రెండు స్క్రూలతో సరిపెట్టకుండా, ఒక బద్దెను పొడవునా 45 డిగ్రీల ఏటవాలుగా రెండుగా చీల్చి, ఒక ముక్కను వాలు పైకి, గోడ వైపుకు దిగేలా గోడకు బిగించి, రెండో ముక్కను పెట్టె వీపుకు తిరగేసి బిగిస్తే, పెట్టె ఆ వాలులో తనంతట తానే కూర్చుంటుంది. ఇటుక గోడ అయితే మామూలు ప్లగ్గులు చాలు, ఈ మధ్య కడుతున్న తేలిక బ్లాకుల గోడ అయితే వాటికోసం చేసే పొడవాటి ప్లగ్గులే వాడాలి, లేకపోతే పిండిలోంచి ఊడినట్టు ఊడి వస్తాయి.

జరిపే తలుపుల గురించి ఒక కిటుకు చెప్పాలి. పై గాడి లోతు కింది గాడికి రెండింతలు ఉండాలి. అద్దాన్ని ముందు పై గాడిలోకి పూర్తిగా ఎత్తి, ఆ తరువాత కిందికి దించుతారు. రెండూ సమానంగా తవ్వితే తలుపు ఎక్కదు. నా మొదటి పెట్టెలో నేను చేసింది అదే, అద్దం చేతిలో పట్టుకుని అరగంట నిలబడ్డాను.

పాతటికెట్టు_1999
జరిపే తలుపుల మధ్య సందులోంచి దుమ్ము రాదా? మా ఇల్లు మెయిన్‌రోడ్డు మీద ఉంది.

అద్దాలమేస్త్రి
వస్తుంది. రెండు అద్దాలు ఒకదాని మీద ఒకటి వచ్చే చోట అల్యూమినియం కిటికీలకు వాడే బ్రష్ పట్టీని అతికిస్తే చాలావరకు ఆగుతుంది. పూర్తిగా ఆగాలంటే ఫ్రేము కట్టిన కీళ్ల తలుపు పెట్టి, చుట్టూ మెత్తటి పట్టీ వేసుకోవాలి. అప్పుడు తలుపు తెరుచుకోవడానికి ముందు జాగా ఉండాలి, నడవాలో అది భుజానికి తగులుతుంది.

విశాఖ_అలలు
బంతులు దొర్లకుండా ఉండాలంటే గాజులు వాడండి. మా అమ్మగారు వదిలేసిన 2.4 సైజు మట్టిగాజు మీద బంతి పెడితే చాలు, ఖర్చు రూపాయి కూడా లేదు.

లెక్కల_మాస్టారు
ఆలోచన చక్కగా ఉంది కానీ లెక్క కుదరదు. 2.4 గాజు అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వ్యాసం 57 ఎంఎం. 72 ఎంఎం బంతి ఆ వలయంలోకి పద్నాలుగు ఎంఎం లోతుకు దిగితే గానీ దాని అంచును తాకదు. గాజు మందమేమో మూడు నాలుగు ఎంఎంలే. కాబట్టి బంతి నేరుగా పలక మీదే కూర్చుంటుంది, గాజు దాని చుట్టూ ఊరికే పడి ఉంటుంది, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే బంతి గాజుతో సహా కదులుతుంది. నాలుగు గాజులు ఒకదాని మీద ఒకటి అతికిస్తే నిలుస్తుంది. అంతకంటే తేలిక మార్గం చంటిపిల్లల గాజు. 1.8 సైజు అయితే లోపలి వ్యాసం 38 ఎంఎం, బంతి అందులోకి దిగేది ఐదున్నర ఎంఎం మాత్రమే. రెండు గాజులు కలిపితే ఆరు ఎంఎం ఎత్తు వస్తుంది, బంతి పలకను తాకకుండా గాజు మీదే స్థిరంగా నిలబడుతుంది.

విశాఖ_అలలు
మాస్టారూ, మా ఇంట్లో బంతి రెండేళ్లుగా కదలలేదు.

లెక్కల_మాస్టారు
మీ బంతి కింద ఎన్ని గాజులు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చెప్పండి.

విశాఖ_అలలు
చూసి వచ్చాను. నాలుగు ఉన్నాయి, అమ్మ పెట్టినవి. నేను ఒకటే అనుకున్నాను.

తుమ్మపాల_వాసి
మాకు దగ్గరలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులు అద్ది బొమ్మలు చేస్తారని అందరికీ తెలిసిందే. కొలత చెప్పి, 38 ఎంఎం రంధ్రం, పది ఎంఎం ఎత్తు ఉన్న చిన్న పీటలు అడిగితే చేసి ఇస్తారు. ఎర్ర బంతికి పసుపు లక్క పీట వేస్తే కుట్టు స్పష్టంగా కనిపిస్తుంది. బంతిని సంతకం ముందుకు, కుట్టు కొంచెం ఏటవాలుగా ఉండేలా తిప్పుకోవడానికి కూడా పీట అనువుగా ఉంటుంది.

చిలుము_శత్రువు
పతకాల మాట ఎవరూ ఎత్తలేదు. చిలుముకు తేమ ఒక్కటే కారణం కాదు, ఆ షోకేసు కూడా కారణమే అయి ఉండవచ్చు. కొత్త ప్లైవుడ్డు, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమిన పలక) తలుపు తీయగానే ముక్కుకు తగిలే ఆ ఘాటును గుర్తు తెచ్చుకోండి. చెక్క నుంచి, అందులోని జిగురు నుంచి వెలువడే ఆమ్లపు ఆవిర్లు మూసిన పెట్టెలో ఎటూ పోలేక లోహం మీద పనిచేస్తాయి. అద్దం అతికించే సిలికాన్‌లో కూడా రెండు రకాలు ఉన్నాయి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చేది ఎసిటిక్ రకం, దాన్ని పతకాల దగ్గరకు రానివ్వకూడదు. వాసన లేని న్యూట్రల్ రకం అని అడిగి తీసుకోండి.

పెట్టె పూర్తయ్యాక లోపలంతా పాలిష్ వేసి, తలుపులు లేకుండా కనీసం మూడు నాలుగు వారాలు గాలికి వదిలేయాలి. లోపల ఉన్ని గుడ్డ పరవకండి, ఉన్నిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. రబ్బరు బ్యాండ్లతో కూడా అదే ఇబ్బంది. ఉతికిన తెల్లటి నూలు గుడ్డ అన్నిటికన్నా మేలు, చూపుకు కాస్త బీదగా ఉన్నా. అన్నట్టు, నాన్నగారి పతకాలను చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి బిందెకు సరిపోయే వైద్యం పతకానికి సరిపోదు, దాని మీది అక్షరాలు అరిగిపోతాయి.

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
చింతపండు నానబెట్టి ఉంచాను. ఇప్పుడే పులుసులో వేయమని చెప్పాను.

షటిల్_శారద
నా దగ్గర బంతులు లేవు, షటిల్ కాక్‌లు ఉన్నాయి, ఇదే పెట్టె నాకూ పనికొస్తుందా అని చూస్తున్నాను. పదహారు ఈకలతో ఐదు గ్రాములు తూగే ఆ చిన్న వస్తువుకు తేమ కన్నా పురుగు పెద్ద శత్రువు. నాఫ్తలీన్ ఉండలు వేయమంటారా?

చిలుము_శత్రువు
వద్దమ్మా. నాఫ్తలీన్ ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది, చల్లబడ్డాక వస్తువుల మీద పలుకులుగా పేరుకుంటుంది. పక్కనే కార్డుల ప్లాస్టిక్ పెట్టెలు ఉంటే అవి పాడవుతాయి. తలుపు బిగువుగా ఉండటం, నెలకొకసారి తీసి చూడటం, ఈ రెండే మందులు. తేమకు సిలికా జెల్ సంచులు పెట్టండి, రంగు మారినప్పుడు ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఉంచితే మళ్లీ పనికొస్తాయి. నీలం రంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కనుక, పిల్లలున్న ఇంట్లో నారింజ రకమే మంచిది. వంట చేసే ఓవెన్‌లో అయితే ఏ రంగుదీ పెట్టకండి.

డాలస్_దూరవాసి
కార్డుల సంగతి నేను చెప్పగలను, ఇక్కడ బేస్‌బాల్ కార్డులు పోగుచేసేవాళ్ల మధ్య పదిహేనేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు. మన ట్రంప్ కార్డులు ఒక్కో రకం ఒక్కో కొలతలో ఉండేవి కాబట్టి, తొడుగులు కొనేముందు కొలుచుకోండి. మెత్తగా, వాసనతో ఉండే పీవీసీ తొడుగులు కాలక్రమాన జిగటగా మారి ముద్రణను తమకు అంటించుకుంటాయి. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవే తీసుకోండి. చిన్నప్పుడు కాకినాడలో నేను కార్డులను అన్నంమెతుకుతో నోటుపుస్తకంలో అతికించాను, వాటి వెనుక ఉన్న పరుగుల లెక్కలు నేటికీ చూడలేకపోతున్నాను.

పాతటికెట్టు_1999
టికెట్టు విషయంలో నాది ఒకే సలహా. అసలుది పెట్టెలో పెట్టవద్దు. మంచి స్కానింగు తీయించి, అదే కొలతలో రంగు ప్రతిని పెట్టి, అసలు టికెట్టును చీకట్లో దాచండి. వేడి ముద్రణ కాగితం మీద వచ్చిన టికెట్టు అయితే అది మరీ అవసరం, దాని అక్షరాలు వాటంతట అవే తేలిపోతాయి. లాల్‌బహదూర్ స్టేడియంలో 1999 నవంబర్ 8న సచిన్ 186, ద్రవిడ్ 153 చేసి 331 పరుగులు జోడించిన రోజు టికెట్టు నా దగ్గర ఉంది. పెట్టెలో ఉన్నది దాని నకలు.

గచ్చిబౌలి_గుగ్లీ
నకలును చూసుకుని మురవడానికి ఇంత కష్టపడి పెట్టె ఎందుకు? గోడకు పోస్టరు అతికించుకోవచ్చు కదా. నేను అసలుదే పెడతాను, వెలిస్తే వెలుస్తుంది, నేను మాత్రం వెలవడం లేదా?

మూడో_అంపైర్
ఈ విషయంలో నేను గుగ్లీ గారి వైపు సగం ఉన్నాను. బంతికి నకలు ఉండదు కాబట్టి బంతి అసలుదే ఉండాలి. టికెట్టుకు ఉంటుంది. ఏడాదికి ఒక నెల, ఆ మ్యాచ్ జరిగిన నెలలో అసలుది బయటపెట్టి, మిగతా పదకొండు నెలలు నకలు పెట్టడం నా పద్ధతి. పోగుపడే నష్టం పన్నెండో వంతుకు తగ్గుతుంది.

పాతటికెట్టు_1999
ఉప్పల్ గారూ, మీది సచిన్ 175 కొట్టినా 351 లక్ష్యానికి 347 దగ్గర ఆగిపోయిన మ్యాచ్ కదా? మూడు పరుగుల ఓటమి టికెట్టుకు ఇంత పెద్ద పెట్టెలో చోటా?

లెక్కల_మాస్టారు
హైదరాబాద్‌కు మూడు పరుగుల మీద పాత మోజు ఉంది. 1987 ప్రపంచకప్పులో ఇక్కడ జింబాబ్వే న్యూజిలాండ్ చేతిలో ఓడింది కూడా మూడు పరుగులతోనే, జింబాబ్వే ఆటగాడు హౌటన్ 142 కొట్టిన రోజున.

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
ఆ టికెట్టుకు మధ్యలోనే చోటు. సచిన్ అవుటయ్యాక స్టాండులో కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు, అది నేను విన్న అతి పెద్ద నిశ్శబ్దం.

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
ఏడు వారాల తరువాత రాస్తున్నాను. పెట్టె నడవాలో ఎక్కింది. టఫెన్డ్ అద్దం, జరిపే తలుపులు, బ్రష్ పట్టీ, గోడకు ఏటవాలు బద్దె. పై గాడి రెండింతలు తవ్వినా రంపపు పొట్టు అందులో ఇరుక్కుని తలుపు మొదట ఎక్కలేదు, పాత టూత్‌బ్రష్‌తో తీశాక ఎక్కింది. పాలిష్ ఆరాక ఖాళీ పెట్టెను నాలుగు వారాలు బాల్కనీలో నీడన ఉంచాను, మొదటి వారం ముక్కు పెట్టలేకపోయాను, ఇప్పుడు వాసన లేదు. టికెట్టు విషయంలో మూడో అంపైర్ గారి తీర్పే అమలు చేశాను, అసలుది నవంబరులో బయటికి వస్తుంది. కింది అరను బొమ్మల కొలువుకు ఇవ్వాలని ఇంట్లో ఒప్పందం కుదిరింది, సంక్రాంతికి ఆ పది రోజులూ బ్యాడ్జీలు డబ్బాలోకి వెళతాయి.

గాజుల కోసం దుకాణానికి వెళ్లి 1.8 సైజు నల్ల గాజులు రెండు డజన్లు అడిగాను. దుకాణామె పాపకు ఎన్ని నెలలని అడిగింది. జేబులోంచి బంతి తీసి చూపించి, ఇలాంటివి పదకొండు ఉన్నాయని చెప్పాను. ఆమె ఏమీ అనకుండా లెక్కపెట్టి ఇచ్చింది.

లెక్కల_మాస్టారు
పదకొండుకు రెండేసి చొప్పున ఇరవై రెండు. మిగిలిన జత ఏం చేశారు?

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
ఐదుగురు ఉన్న వైపు చివర అతికించి ఖాళీగా ఉంచాను. పన్నెండో ఆటగాడికి.

గరుకుకాగితం_120
అక్కడ బంతికి 107 ఎంఎం లెక్క తప్పుతుంది. ఆ వైపు ఆరుగురిని సర్దాలంటే ఒక్కొక్కరికి 89 ఎంఎంలే వస్తుంది. సరిపోతుంది గానీ భుజాలు దగ్గరగా ఉంటాయి.